మోగని ఏడో పైపు

నవంబరు 14, శనివారం, సాయంత్రం 5 గంటల 40 నిమిషాలకు ఏడో పైపు మోగలేదు. రబ్బరు చెప్పుతో మూతి మీద కొడితే రావలసిన గుండ్రని ధ్వనికి బదులు, తడిసిన దుప్పటిని బాదినట్టు మొద్దు చప్పుడు వచ్చింది.

పైపులక్క చెయ్యెత్తి పాట ఆపింది.

కుళాయిలు, గొట్టాలు బిగించడం ఆమె వృత్తి. తండ్రి దగ్గర నేర్చుకున్నది. తన కింద పనిచేసేవారికి ఆమె మొదట చెప్పే సూత్రం ఒకటే: తడి కనిపించిన చోట గోడ పగలగొట్టకూడదు, నీరు ఎక్కణ్ణుంచో నడిచి వచ్చి ఉంటుంది. చదువు మానేసి, పని దొరక్క, గ్రంథాలయం మెట్ల మీద పొద్దుపుచ్చే కుర్రకారును చూసి, మిగిలిపోయిన ప్లాస్టిక్ పైపులను వేర్వేరు పొడవుల్లో కోసి అక్కడి వెనకగదిలో ఒక చట్రానికి బిగించింది. పైపు పొట్టిదైతే స్వరం పైకి, పొడుగుదైతే కిందికి. మనిషికి ఒకే పైపు. ఒకరిది మరొకరు ముట్టరాదు. ఎవరు రాకపోయినా పాటలో అక్కడ గుంట పడుతుంది. ఆ గుంట భయంతోనే పన్నెండుమందీ వచ్చేవారు.

గది ఇచ్చిన కాపలాదారు బాబాయికి వాళ్ళ మీద గురి లేదు. "సిగరెట్టు పీక ఒక్కటి కనబడినా గదికి తాళం వేసేస్తానమ్మా, తర్వాత నన్ను అనుకోవద్దు" అని మొదటిరోజే చెప్పాడు. అందుకని ఆమె కిటికీ గట్లు తడిమి చూసేది. పలకరింపు నెపంతో దగ్గరికి పోయి చొక్కాల వాసన పట్టేది.

ఆ సాయంత్రం టార్చి వేస్తే ఏడో పైపు వంపులో నల్లటి మూట కనిపించింది. ఏడోది చిలకది, ఆ పిల్ల నోరు విప్పదు గనక వెక్కిరింపుగా పెట్టిన పేరు. ఎనిమిదోది తాళంచెవిది, ఒకప్పుడు సైకిల్ తాళాలు తీస్తూ దొరికిపోయిన కుర్రాడు. పైపులక్క చూపు ఏడు దాటి ఎనిమిది మీద ఆగింది.

"ఏంట్రా అది?"

"నాకేం తెలుసక్కా?"

"నీకు తెలీకుండానే నీ పక్కన మూట మొలిచిందా? జేబులు తియ్."

"అందరి ముందా?"

"దాచేదేం లేకపోతే అందరుంటే ఏంటి?"

గుమ్మంలో బాబాయి చేతులు కట్టుకుని చూస్తున్నాడు. తాళంచెవి జేబులు బయటికి లాగాడు. ఒకదానిలో దువ్వెన, రెండోదానిలో చిరుగు. చిరుగులోంచి వేలు పెట్టి ఆడిస్తూ, "ఇందులోంచి జారిపోయిందేమో, వెతుక్కోండి" అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. అతను తన చెప్పును ఎనిమిదో పైపు మూతి మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతే ఆమె రెంచీ అందుకుని వంపు దగ్గరి బిగింపు విప్పింది. బయటపడింది నల్లని ఉన్ని మేజోడు. దాని నిండా దూది.

"నాదేనక్కా," అంది చిలక. "నా దెబ్బ ఎప్పుడూ ముందే పడుతోంది. అందరి పాటా నావల్ల పాడవకూడదని..."

"ఇందాక నోట్లో నీళ్ళు పోసుకున్నావుటే?"

"మీ మొహం చూస్తే మాట రాలేదు."

బాబాయి మేజోడును గుమ్మంలోకి తీసుకెళ్ళి వెలుతురులో దులిపి, వాసన చూసి, "సరే, గది ఉంచుకోండి" అన్నాడు.

మర్నాడు ఆమె తాళంచెవి మేనమామ నడిపే మోటారుసైకిళ్ళ షెడ్డుకు వెళ్ళింది.

"మళ్ళీ ఏం చేశాడమ్మా?" అన్నాడు మేనమామ, ఆమె బండి ఇంకా దిగకముందే.

"వాడేం చెయ్యలేదన్నయ్యా. నేనే చేశాను."

ఒక బండి వెనకనుంచి మేనల్లుడి మోకాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. ఆమె అటు తిరిగింది.

"తప్పు నాదిరా. శనివారం రా. నీ పైపు ఎవరికీ ఇవ్వను."

"జేబులు కుట్టించుకుని రావాలా అక్కా, అలాగే రావొచ్చా?"

మేనమామ ఇద్దరినీ మార్చిమార్చి చూశాడు. "ఇంతకీ ఆ మూటలో ఏముంది?"

"మేజోడు."

"మేజోడేనా?" అన్నాడు, మేనల్లుడి వైపు చూస్తూ.

శనివారం చిలక దెబ్బ మళ్ళీ ముందే పడింది, ఎవరూ ఆపలేదు. దాని పక్క స్వరం దగ్గర పాట ప్రతిసారీ గుంటలో దిగి లేచింది. ఎనిమిదో పైపు మూతి మీద చెప్పు పెట్టింది పెట్టినట్టే ఉంది. బాబాయి గుమ్మంలో నిలబడి, వేలు ఊపుతూ, తలలు లెక్కపెట్టాడు.

పదకొండు.