మోత మైకు

ఆఖరి పోస్టింగులో నేను దిగింది అమెరికాలో, క్యారీ అనే ఊరి చివర, పైన్ చెట్ల మధ్య. ఉదయం ఎనిమిది. చలిగాలి, దాని నిండా పసుపు పుప్పొడి. మంకీ క్యాపు, మఫ్లరు, ఫ్లాస్కు. ఎదురుగా ఆరు గొట్టాలు నా నోటికి గురిపెట్టి ఉన్నాయి.

గొట్టాలన్నాను గానీ, శనగగింజంత మైకులు. స్థలం ఒక ల్యాబు వెనక పార్కింగ్ లాట్. శత్రువు అంబులెన్స్ సైరన్. ఆ హోరులో కూడా రోగి తెలుగులో చెప్పే మాటను పట్టుకుని తెరమీద రాసే పరికరం తయారవుతోంది. ముసలి గొంతులు కావాలన్నారు. సైన్యంలో నేను హవల్దార్‌ని, వైర్‌లెస్ ఆపరేటర్‌ని. కొండల మీద నా ఒక్క కేకకి బెటాలియన్ కదిలిందని ఇక్కడి గుడిలో అందరికీ తెలుసు. నిజానికి నేనడిగింది కిరోసిన్ టిన్నులు.

మా కమాండర్ వరంగల్ అమ్మాయి, ఇంజనీరు. రెండో గొంతు, రైల్వే అనౌన్సర్‌గా రిటైరైన పెద్దమనిషి. ఆఖరి రోజు ఆస్పత్రివాళ్లు వచ్చి మా ఇద్దరిలో ఒకరిని ఎంచుకుంటారు. ఎంచుకున్న గొంతు పరికరం పనితనం చూపిస్తూ అంబులెన్స్‌తో ఊళ్లు తిరుగుతుంది. అది నేనేనని గుడిలో ముందే చెప్పేశాను.

స్ట్రెచర్ మీద పడుకోవాలి. సైరన్ మోగుతుంటే చెప్పాలి. అనౌన్సర్ "ఛాతీలో నొప్పి" అంటే తెరమీద అక్షరం పొల్లుపోయేది కాదు. నేనంటే "చేతిలో టోపీ" అని పడింది.

కారు తీసుకుని నాకోసం వచ్చిన మా ఆవిడ ఓ సాయంత్రం ఆయన గొంతు విన్నది.

"ఏమండీ, ఆయన మాట్లాడుతుంటే రైలెక్కాలనిపిస్తోంది."

"ఎక్కడికి?"

"ఎక్కడికైనా!"



మర్నాటినుంచి అనౌన్సర్ మీద నిఘా పెట్టాను. తన వంతు వచ్చేదాకా ఆయన వెచ్చదనం కోసం జనరేటర్ పక్కన నిలబడేవాడు. అక్కడ బొచ్చు టోపీ తొడిగిన తీగలేని మైకు ఒకటి వేలాడేది. "దాన్ని మాత్రం ముట్టొద్దు అంకుల్," అన్నది కమాండర్. ఎందుకని అడగలేదు. సిపాయి ఆర్డరుకి కారణం అడగడు. అసలు సంగతేమిటంటే, ఆ మైకే ఆయన గుట్టని నాకు నేనే తేల్చేసుకున్నాను.

ఆఖరి రోజు. ఆస్పత్రివాళ్లు ముగ్గురు కుర్చీల్లో ఉన్నారు. బొచ్చు మైకు నా మఫ్లరు కింద ఉంది. స్ట్రెచర్ ఎక్కాను. సైరన్ మొదలైంది.

"ఛాతీలో నొప్పిగా ఉంది. ఎడమచెయ్యి లాగుతోంది."

తెర ఖాళీ. గట్టిగా అన్నాను. ఖాళీ. అరిచాను. అక్షరమన్నది లేదు.

కమాండర్ దగ్గరికి వచ్చింది. "అంకుల్, మాట్లాడుతున్నరా?"

"అరుస్తున్నానమ్మా!"

"నోరైతే కదులుతుంది. మిషన్లోకి గొంతు వస్తలేదు." మఫ్లరు ఎత్తి చూసి తల పట్టుకున్నది. "అయ్యో అంకుల్! ఇది మోత వినే మైకు. ఇందులో ఏది వినబడితే, మిగతావాటిలోంచి దాన్ని తీసేస్తది. మోత మారినకొద్దీ అది కూడా నేర్చుకుంటది. ఇప్పుడు మిమ్మల్నే మోత అనుకున్నది! మళ్ల మొదటినుంచి నేర్పాలంటే గంట పడుతది."

ఆస్పత్రివాళ్లు వాచీలు చూసుకుంటున్నారు. అనౌన్సర్ లేచాడు. "పర్లేదమ్మా. ఆయన మాట నేను రిలే చేస్తాను."

ఒక స్టేషన్ వినబడకపోతే, దాని సందేశాన్ని పక్క స్టేషన్ అందుకుని చెప్పడం రిలే. కొండల మీద ఎందరికో చేశాను. నాకెవరూ చేయాల్సిన అవసరం రాలేదు.

ఆయన మైకుల వైపు వంగాడు. తెరమీద అక్షరాలు బారులు తీరాయి. ఆస్పత్రివాళ్లు తలలూపారు. ఎవరిని ఎంచుకున్నారో చెప్పక్కర్లేదు.

వెళ్లేముందు కమాండర్ నా చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, ఆ రికార్డింగు వినిపించింది.

కారెక్కాక మా ఆవిడ అడిగింది: "ఎలా జరిగిందండీ?"

"బెటాలియన్ కదిలింది," అన్నాను. సీటుబెల్టు పెట్టుకుంటూ, "టిన్నులు రాలేదే," అన్నాను.

ఆ హెడ్‌ఫోన్ల లోపలి నిశ్శబ్దం ఇప్పటికీ నన్ను వదల్లేదు. సైరన్ లేదు, జనరేటర్ లేదు, నేను లేను. అందులో రైలు రాబోతున్నంత నింపాదిగా ఆయన గొంతు:

"దయచేసి వినండి. హవల్దార్‌గారికి ఛాతీలో నొప్పిగా ఉంది."

ఉన్నమాటే.