రెండో స్టీలు గ్లాసు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో టీబీ అనే మాటను గట్టిగా పలకడానికే జనం జంకేవాళ్ళు. ఉదయగిరి నుంచి వరికుంటపాడు పోయే దారిలో మా ఊరు. చర్చిలో ప్రభు బల్ల రోజున పెద్దలంతా ఒకే గిన్నెలోని ద్రాక్షరసం తాగేవాళ్ళు. ఇళ్ళు కట్టే మేస్త్రీ తాతకు మాత్రం వేరే స్టీలు గ్లాసు, వెనక వేరే చాప. ఆయన టీబీ మందులన్నీ మింగి, జబ్బు నయమై ఏడాది దాటినా ఆ గ్లాసు పోలేదు. మా ఊరివాళ్ళకు భయం పట్టిందంటే ఓ పట్టాన వదలదు లెండి.

ఆ మందులు దగ్గరుండి మింగించింది మా పెద్దమ్మే. ఆత్మకూరులో నర్సు. మనిషి పొట్టి, గొంతు మాత్రం చెరువు అవతలికి వినపడేది.

ఒక ఆదివారం చెరువులో బాప్తిస్మాలు జరుగుతున్నాయి. జనమంతా ఒకచోట చేరి పాటలు పాడుతున్నారు. మేస్త్రీ తాత ఎప్పటిలాగే దూరంగా, మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడ్డాడు. ఎండాకాలంలో రైతులు పొలాలకు ఒండ్రుమట్టి తవ్వుకుపోయిన గుంతలు అటువైపే ఉన్నాయి. నీళ్ళు నిండాక అవి పైకి కనపడవు. ఒక్క అడుగు వేశాడు, అంతే, మనిషి లేడు. అందరితో కలిసి నిలబడనిచ్చి ఉంటే ఆయన ఆ గుంతలో పడేవాడే కాదని నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

మా నాయన, ఇంకో ఇద్దరు దూకి ఆయన్ను గట్టుకు చేర్చారు. ఊపిరి లేదు. పెదాలు నల్లబడ్డాయి. ఎవరో కుండ తెచ్చి బోర్లించారు. నీళ్ళలో పడినవాణ్ణి దాని మీద వేసి దొర్లించడం మా వైపు వాడుక. పెద్దమ్మ ఒక్క అరుపు అరిచింది.

"ఆ కుండ అవతల పెట్టండి! ముందు ఆయన్ని వెల్లకిలా పండబెట్టండి!"

ఆమె వంగి ఆయన నోటి మీద నోరు పెట్టబోతుంటే సంఘ పెద్ద చెయ్యి పట్టుకున్నాడు. "ఏందిమ్మా నువ్వు చేసేది? టీబీ మనిషి. నీకు అంటుకుంటాది. ఇంట్లో బిడ్డలుండారు."

"అంటుకుంటే మందులుండాయి. ఊపిరి పోతే ఏముండాది?" అని పెద్దమ్మ చెయ్యి విదిలించుకుంది.

ఆమె ఊదింది. ఆమె చెప్పినట్టు మా నాయన తాత రొమ్ము మీద రెండు చేతులూ పెట్టి గట్టిగా అదిమాడు. మళ్ళీ ఆమె ఊదింది. నేను మా అవ్వ కొంగు పట్టుకుని ఏడుస్తున్నాను. పాటలు ఎప్పుడు ఆగిపోయాయో తెలియదు. ఉన్నట్టుండి తాత దగ్గాడు. నోట్లోంచి నీళ్ళు, తర్వాత ఓ మూలుగు. అమ్మయ్య! ఇన్నాళ్ళూ ఆయన దగ్గితే పక్కకు జరిగిన ఊరు, ఆ దగ్గు విని దేవుడికి స్తోత్రం చెప్పింది. జీపులో ఉదయగిరి ఆసుపత్రికి తీసుకుపోయారు.

ఇంటికొచ్చాక, భయం వేయలేదా అని పెద్దమ్మను అడిగాను.

"ఎందుకు వేయదు పాపా? కొంచెం ప్రమాదం ఎప్పుడూ ఉంటాది. కానీ ఆయన కళ్ళె పరీక్షలో జబ్బు పోయిందని నాకు తెలుసు. అయినా నేనూ చూపించుకుంటా" అంది. అన్నట్టే ఆత్మకూరులో పరీక్షలు చేయించుకుంది. కొన్ని నెలలాగి మళ్ళీ చేయించుకుంది.

చెరువు సంగతి జరిగాక వచ్చిన మొదటి బల్ల రోజున తాత కోలుకుని వచ్చి తన చాప మీద కూర్చున్నాడు. సంఘ పెద్ద మా పెద్దమ్మ దగ్గర గిన్నె ఆపకుండా, ఆమె ముందు ఒక కొత్త స్టీలు గ్లాసు పెట్టాడు. తాత అది చూసి, "నావల్లే గదమ్మా" అంటూ ఏడ్చేశాడు. పెద్దమ్మ ఆ గ్లాసు తీసుకుని లేచి, పోయి ఆయన పక్కన చాప మీద కూర్చుంది.

"ఏడవబాక మామా. నా ఎక్స్‌రే బాగుండాది, నీ జబ్బు ఎప్పుడో పోయింది. టీబీ గ్లాసుతో రాదు. జబ్బున్నోళ్ళు దగ్గితే గాల్లో వస్తాది. అంత భయమున్నోళ్ళు ముందు ఈ కిటికీలు తెరవండి!" అంది, చర్చి అంతా వినపడేట్టు.

మా పాస్టరు అయ్యగారు లేచాడు. తనే పోయి కిటికీలన్నీ తెరిచి, గిన్నె పట్టుకుని వెనక చాప దగ్గరికి వచ్చాడు. ముందు తాతకిచ్చాడు, తర్వాత పెద్దమ్మకు. చివరికి తనూ అందులోనే తాగాడు.

పడిపోయిన మనిషిని చూస్తే నేను ఈనాటికీ వెనక్కి జరగను. చేతనైంది ముందు చేస్తాను, తర్వాత డాక్టరుకు చూపించుకుంటాను. ఈ రెండూ నాకు నేర్పింది పెద్దమ్మే. ఆ కొత్త గ్లాసును ఆమె ఆరోజే ఇంటికి తెచ్చేసింది, సంఘం వాళ్ళు మళ్ళీ అడగలేదు. ఇప్పుడది నా దగ్గరుంది. మా ఇంటికి ఎవరొచ్చినా ముందు మంచినీళ్ళు ఇచ్చేది దాంట్లోనే.