ఫోటోలో లేని పెంటమ్మ

మొన్న మా మనుమరాలు హైదరాబాద్ నుంచి తెచ్చిన ఇరానీ బిస్కెట్ల డబ్బా మూత తీసింది. వెన్న, పాలు, కొంచెం ఉప్పు కలిసి కాలిన ఆ వాసన ముక్కుకు తగిలేసరికి, చేతిలో చాయ్ చల్లారేదాకా అట్లాగే కూర్చుండిపోయాను. ఎనభై నాలుగేళ్ల ముసలిదానికి బిస్కెట్ల వాసనకు కళ్లనీళ్లు వస్తే ఇంట్లోవాళ్లు బీపీ అనుకుంటారు, మాత్ర వేస్తారు. ఆ వాసన నాకు మొదట తెలిసింది పోలీసు చర్య అయిన మరుసటి ఏడు చలికాలంలో, సూర్యాపేట నుంచి మేము నలుగురం పట్నం చూడపోయినప్పుడు.

మా నాయిన దర్జీ. బజారులో అరుగు మీద మిషను పెట్టుకొని చివ్వెంల దిక్కు ఊళ్లవాళ్లకు పెండ్లి బట్టలు కుట్టేవాడు. అంతకుముందు రెండేళ్లు పెండ్లిళ్లూ లేవు, కొత్తబట్టలూ లేవు. పొద్దుగూకక ముందే తలుపులు బిగించుకొని, రజాకార్ల గుర్రం డెక్కల చప్పుడైతే పిల్లల నోళ్లు మూసి బతికిన రోజులవి. ఆ భయం తీరిన ఏడు చలి కూడా మాకు పండుగలాగే ఉండేది. పొద్దున్నే వాకిట్లో చెత్త మంటేసుకొని, బూడిదలో కాల్చిన గెనుసుగడ్డలు ఊదుకుంటూ తిని, సజ్జరొట్టె మీద వెన్నపూస కరిగేలోపు నాకేసి, రేగుపండ్ల కోసం ముళ్లల్లో పడి గీరుకుపోయిన చేతులు అమ్మకు కనపడకుండా పరికిణీలో దాచుకునేదాన్ని. అప్పుడే కోదాడ మామ, అంటే అమ్మ తమ్ముడు, పట్నంలో రైల్వే కార్ఖానాలో పనికి కుదిరి, పిల్లలను తీసుకొని నాలుగు రోజులు వచ్చిపొమ్మని జాబు రాశాడు.

పిల్లలంటే ఎనిమిదేళ్ల నేను, నాలుగు దాటిన నా చెల్లె పెంటమ్మ. మా ఇద్దరి నడుమ ఇద్దరు మగపిల్లలు పుట్టి పురిట్లోనే పోయారట. అందుకని చెల్లె పుట్టగానే చాటలో వేసి పెంటకుప్ప మీద పడుకోబెట్టారు. పక్కింటి సాయమ్మ ఎత్తుకుంటే, ఆమెకు సోలెడు తవుడిచ్చి అమ్మ తన బిడ్డను తానే కొనుక్కుంది. ఇట్లా చేస్తే మృత్యువు ఈ పిల్ల ఎవరిదో పోల్చుకోలేక తిరిగిపోతుందని మావాళ్ల నమ్మకం. మంచి పేరు అయిదేళ్లు నిండినాక పెట్టుకోవచ్చన్నారు. దర్జీ ఇంట్లో పుట్టి కూడా దానికి కొత్తబట్ట లేదు. అమ్మ నాలుగిళ్లలో అడిగి తెచ్చిన పాత గుడ్డలే అతుకులేసి నాయిన గౌను కుట్టేవాడు. ఎవరైనా ముద్దుగా ఉందంటే చాలు, అమ్మ మొహం నల్లబడేది. చెల్లెకు ఇదంతా తెలుసు. "నన్ను తవుడుకు కొన్నరు, అక్కను ఉత్తగనే తెచ్చుకున్నరు" అని అందరికీ గొప్పగా చెప్పుకొని తిరిగేది.

పట్నం చూసి మాకు మతులు పోయాయి. రెండంతస్తుల బస్సు పైకెక్కి కిటికీ దగ్గర సీటు కోసం నేను గిచ్చితే అది కరిచింది. బాగే ఆం తోటలో బోనులోని పులిని చూసి నేను నాయిన ధోవతి వెనక దాక్కుంటే, పెంటమ్మ మాత్రం ఊచల దగ్గర నిలబడి "దీనికెవరు అన్నం పెడుతరు?" అని ఒకటే ఆరా. చార్మినార్ మెట్లు చీకట్లో లెక్కపెడుతూ ఎక్కి నడిమిట్లో లెక్క మరిచిపోయాం. ఇరానీ హోటల్లో ఆడవాళ్లకని పరదా కట్టిన చిన్న గదిలో పాలరాతి బల్ల ముందు కూర్చుంటే, తెల్లటి సాసర్లలో చాయ్, ఒక ప్లేటు నిండా బిస్కెట్లు వచ్చాయి. చాయ్‌లో ముంచిన ముక్క నోటిదాకా వచ్చేలోపు విరిగి పడిపోతుంటే పెంటమ్మ ఏడవలేదు, సాసర్లో వేళ్లు పెట్టి తీసుకొని తిన్నది. ఆ తర్వాత లాడ్ బజారులో నాకు రాళ్లు పొదిగిన లక్క గాజులు, పత్తర్‌గట్టిలో జరీ అంచు పరికిణీ గుడ్డ కొన్నారు. చెల్లెకు మామ పక్కింటివాళ్ల దగ్గర అడిగి తెచ్చిన పాత చొక్కా ఒకటి. అయినా అది సంబరంగానే ఉంది. ఎవరి చేతికి ఏమున్నదో చూసే గుణం నాదే, దానిది కాదు.

ఆఖరి రోజు మామ మమ్మల్ని ఫోటో స్టూడియోకు తీసుకుపోయాడు. ఫోటో దిగితే ఆయుష్షు తరుగుతుందని అమ్మకు భయం, అందుకని పెంటమ్మను మాత్రం దిగనివ్వనని ముందే తెగేసి చెప్పింది. "ఒక్క ఫోటువకు ఏమైతదే?" అన్నాడు నాయిన. అమ్మ ఒక చూపు చూసేసరికి ధోవతి సర్దుకుంటూ లోపలికి నడిచాడు. నాయిన, అమ్మ, మామ, నేను నలుగురం తోట బొమ్మ గీసిన తెర ముందు సర్దుకున్నాక, ఫోటోలు తీసే పెద్దమనిషి తలుపు దగ్గర నిలబడ్డ చెల్లెను చూసి నవ్వాడు.

"ఎంత ముద్దుగున్నదమ్మా! చిన్న పాపను గూడ నిలబెట్టుండ్రి. ఇంత సక్కటి పిల్లను ఇడిసిపెడుతరా?"

"అది మా పిల్ల గాదయ్యా. పక్కింటి సాయమ్మ బిడ్డ. ఏడ్సుకుంట ఎంటబడితే తోలుకొచ్చినం, గంతే" అన్నది అమ్మ గబగబా.

పెంటమ్మ విన్నది. ఏడవలేదు. తలుపు వారన నిలబడి మమ్మల్ని ఒక్కొక్కరినే చూసింది.

తిరిగి వచ్చే బస్సులో నకిరేకల్ దాటినాక అది నా చెవిలో అడిగింది: "అక్కా, నేను నిజంగ సాయమ్మ బిడ్డనా?" ఒళ్లో పెట్టుకున్న కొత్త పరికిణీ గుడ్డ మీద అది చెయ్యి వేసి నలుపుతున్నదని నాకు అప్పటికే కోపంగా ఉంది. "ఔ మరి. ఫోటువల ఉన్నోళ్లే మా ఇంటోళ్లు. నువ్వు లేవు గద" అన్నాను. అది గుడ్డ మీది నుంచి చెయ్యి తీసేసింది. నాకు కావలసింది అంతే కాబట్టి నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

పదిహేను రోజులకు మామ ఫోటోకు అద్దం కట్టించి పంపాడు, గోడకు తగిలించారు. పెంటమ్మ దాని కింద నిలబడి వేలితో చూపిస్తూ "నాయిన, అమ్మ, మామ, అక్క" అనేది. ఆ తర్వాత అది మా ఇంట్లో చుట్టంలా మసలడం మొదలుపెట్టింది. గంప కింది జామపండు తీసుకోవాలన్నా "తీస్కోనా?" అని అడిగేది. అన్నం పెట్టేదాకా గడప దగ్గరే కూర్చునేది. పొద్దున లేవగానే సాయమ్మ వాకిట్లోకి పోతే, ఆమె "నా బిడ్డవేనే" అని నవ్వుతూ నెత్తి దువ్వి పంపేది. పిల్ల బుద్ధిమంతురాలైందని నాయిన మురిశాడు. దిష్టి తప్పిందని అమ్మ మురిసింది. అసలు సంగతి తెలిసిన నేను నోరు విప్పలేదు. గాజులు పంచుకోవలసిన పని తప్పిందని లోలోపల సంతోషపడ్డాను కూడా. ఇప్పుడు ఒప్పుకుంటే ఏం లాభం?

ఎండకాలం మొదట్లో దానికి అమ్మవారు పోసింది. వేపమండలు పరిచి పడుకోబెట్టారు, నన్ను గది బయటనే ఉంచారు. నాలుగో రోజు మధ్యాహ్నం ఒళ్లు కాలిపోతుండగా అది కళ్లు మూసుకొనే పిలిచింది.

"లచ్చక్కోళ్లమ్మా, జర నీళ్లియ్యవా?"

లచ్చక్కను నేను. వాడకట్టులో నాతో ఆడుకునే పిల్లలంతా మా అమ్మను అట్లాగే పిలుస్తారు. అమ్మ చెంబుతో నీళ్లు దాని నోటికి అందించింది. అమ్మవారు పోసిన ఇంట్లో గొంతెత్తగూడదని సాయమ్మ వారిస్తున్నా వినకుండా, అది పుట్టినప్పటి నుంచి ఏ మాట పైకి అనకూడదని బిగబట్టుకున్నదో ఆ మాటే వాడంతా వినపడేటట్టు అరిచింది. "నా బిడ్డవే! నా కడుపుల పుట్టినవే! నేను నీ అమ్మనే, సూడవే నన్ను!" పెంటమ్మ నీళ్లు తాగింది. ఆ మాటలు విన్నదో లేదో ఎవరికీ తెలియదు. తెల్లవారేసరికి పోయింది.

నేను బస్సులో అన్న మాట అమ్మకు ఎప్పుడూ చెప్పలేదు. అది తన ఒక్క మాటకే అట్లా అయిందనుకొని ఆమె బతికినన్నాళ్లూ కుమిలింది. ఆ బరువులో సగం నాదని చెప్పి ఉంటే కొంచెం తేలికపడేదేమో. నేను పిరికిదాన్ని.

ఇప్పుడు ఆ స్టూడియో లేదు, పరదా గదుల హోటళ్లు లేవు, బాగే ఆంలో పులి లేదు, నాయిన మిషను పెట్టుకున్న అరుగు రోడ్డు వెడల్పులో పోయింది. ఫోటోలోని నలుగురిలో నేనొక్కదాన్నే మిగిలాను. బిస్కెట్లు తెచ్చిన రోజున మనుమరాలికి ఇదంతా మొదటిసారి చెప్పాను. ఆ పిల్ల కళ్లు తుడుచుకొని "అమ్మమ్మా, ఇప్పుడు ఫోటోలో లేనివాళ్లను కూడా చేర్చొచ్చు, ఎట్లుండేదో చెప్పు, నేను చేయిస్తా" అని ఫోన్ పట్టుకొని కూర్చుంది. చెబుదామని నోరు తెరిచాను. ముద్దుగా ఉండేదని అందరూ అన్నది గుర్తుంది. అతుకుల గౌను గుర్తుంది. మొహం మాత్రం ఎంత వెతికినా రాలేదు. అది పోయి డెబ్బై అయిదేళ్లు, దాన్ని చూసినవాళ్లు ఇంకెవరూ లేరు, నాలో కూడా అది చెరిగిపోయింది.

"పోనీ ఫోటో వెనకాల పేరన్నా రాద్దాం, అసలు పేరేంటి?" అన్నది. మంచి పేరు పెట్టేలోపే పోయింది కదా.

"పేరొద్దు. మేము పట్నం పోయినప్పుడు మా చెల్లె గూడ మాతోనే ఉండె, అది మా ఇంటి పిల్లనే అని రాయి" అన్నాను. రాసి, నాకు వినపడేటట్టు గట్టిగా చదివింది. నాకు వినపడితే ఏం లాభం బిడ్డా, నాకు ఎప్పుడూ తెలుసు.