దెయ్యాల వకీలు

తెర మీద రాక్షసుడు పదిమందిని నమిలి మింగినా, తప్పు ఆ పదిమందిదేనని వాదించే మనిషి ఒకాయన ఆ సోఫాల కార్ఖానాలో ఉండేవాడు. అక్కడి వడ్రంగుల్లో పెద్దవాడు. అందరూ ఆయన్ని దెయ్యాల వకీలు అనేవారు.

ఆదివారం రాత్రి టీవీలో రాక్షసులను వేటాడే సీరియల్ వచ్చేది. సోమవారం మధ్యాహ్నం భోజనం డబ్బాలు తెరవగానే కార్ఖానాలో విచారణ మొదలయ్యేది. పాలిష్ పనివాడు, వ్యాను డ్రైవరు వేటగాళ్ళ పక్షం. అటువైపు వకీలు ఒక్కడే. సోఫా కవర్లు కుట్టే అమ్మాయి తన మిషను ముందే కూర్చుని తింటూ వినేది. ఆమె అక్కడికి కొత్త. అంతకుముందు ఆ మిషను మీద ఆమె తమ్ముడు కుట్టేవాడు. జ్వరమని సెలవు పెట్టి వెళ్ళినవాడు మరి రాలేదు. అతని ఏప్రాను మాత్రం మిషను వెనక మేకుకు అలాగే వేలాడుతోంది. జేబులో సుద్దముక్క కూడా ఉంది.

"పున్నమి రోజున తోడేలైపోతాడు బాబాయ్! చంపక ముద్దుపెట్టుకుంటారా?" అనేవాడు డ్రైవరు.

"నెలకొక్కసారి కోపం తెచ్చుకునేవాడు రాక్షసుడా? మన మేస్త్రీకి పూటకోసారి వస్తుంది. ఆయన మీద ఎవరైనా వెండి తూటా పేల్చారా?"

అద్దాల గదిలోంచి మేస్త్రీ తలెత్తేవాడు. అందరి తలలూ డబ్బాల్లోకి దూరిపోయేవి.

రక్తం తాగేవాడు శవపేటిక పగలగొట్టుకుని లేచిన వారం వకీలుకు పూనకమే వచ్చింది. "మూతకి మేకులు కొట్టారయ్యా, మేకులు! స్క్రూలు బిగించి ఉంటే ఈపాటికి హాయిగా నిద్రపోతుండేవాడు. వడ్రంగి చేతకానితనానికి వాణ్ణి పొడుస్తారా?"

"ఇన్ని కేసులు వాదించావు, ఒక్కటైనా గెలిచావా?" అన్నాడు పాలిష్ పనివాడు.

"గెలిచేవాళ్ళకి వకీలెందుకురా?"

అమ్మాయి పెదవి బిగబట్టినా నవ్వు ఆగేది కాదు. వారం మొత్తానికి ఆమె నవ్వేది అప్పుడే.

అలాంటిది ఒక ఆదివారం వేరే కథ వచ్చింది. చచ్చిపోయిన మనిషి ఇల్లు వదిలి వెళ్ళలేకపోతున్నాడు. కారణం, భార్య దాచుకున్న అతని కోటు. వేటగాళ్ళు కోటు కాల్చేశారు. అతను పొగలా పైకి తేలిపోయాడు.

"అదీ పద్ధతంటే," అన్నాడు పాలిష్ పనివాడు మర్నాడు. "పోయినవాళ్ళ వస్తువులు పట్టుకుని వేలాడితే వాళ్ళకే నరకం." అన్నాక గాని తను ఎవరి ముందు అన్నాడో గుర్తు రాలేదు. నాలుక కరుచుకున్నాడు. అప్పటికే అమ్మాయి డబ్బా మూసేసింది.

ఏప్రాను తీసుకుని ఆమె పెరట్లోకి నడిచింది. రంపపు పొట్టు కాల్చే ఇనప డ్రమ్ము అక్కడుంది. వెనకాలే వకీలు వచ్చాడు.

"అగ్గిపెట్టె ఉందా బాబాయ్?"

"ఉంది. ఇవ్వను."

"ఈసారికి వాదించకు. నా మూలంగా వాడిక్కడే చిక్కుకుపోయాడేమోనని రాత్రంతా కంటి మీద కునుకు లేదు. వాణ్ణి వెళ్ళనివ్వాలి కదా?"

"వాడా? చిక్కుకోవడమా?" వకీలు డ్రమ్ముకు అడ్డంగా నిలబడ్డాడు. "పట్టుమని పది నిమిషాలు ఒకచోట కూర్చున్నాడా వాడు? కత్తెర ఎక్కడ పెట్టాడో వెతుక్కుంటూ కార్ఖానా అంతా తిరగేసేవాడు. రోజుకోసారి నా టేపు ఎత్తుకుపోయేవాడు. ఇప్పుడు పెట్టిన టేపు పెట్టినచోటే ఉంటోంది. వాడే గనక ఇక్కడుంటే ఇంత నిశ్శబ్దంగా ఉంటుందా తల్లీ?" ఆయన ఏప్రాను అంచు పట్టుకుని చూపించాడు. "వాడు లేడమ్మా. ఇది వట్టి గుడ్డ. దాచుకుంటే ఎవరికీ నరకం కాదు."

ఆమె ఏప్రానులో మొహం దాచుకుని ఏడ్చింది. ఆమె తేరుకునేదాకా వకీలు ఆ డ్రమ్ము అతుకులను కొత్తగా కొనబోతున్నవాడిలా పరీక్షించాడు.

"చివరికి నువ్వు కూడా దెయ్యం లేదన్నావు బాబాయ్," అంది ఆమె ముక్కు తుడుచుకుంటూ.

"నాకు మొదట్నుంచీ ఆ రాక్షసులంటే ఒళ్ళుమంట. వాళ్ళ తరపున వాదించింది నీ తమ్ముడు. వాడికీ నాకూ పెద్ద యుద్ధం జరిగేది. వాడు పోయాక మొదటి సోమవారం అందరం నోరు మూసుకుని తిన్నాం. అటువైపు మనిషే లేడు. నాకు ముద్ద దిగలేదు. లేచి వెళ్ళి వాడి చోట కూర్చున్నాను. వాడంత బాగా మాత్రం రాదు."

ఏప్రాను మళ్ళీ మేకెక్కింది.

తర్వాతి ఆదివారం ఊబిలోని రాక్షసి ముగ్గురిని లోపలికి లాగేసుకుంది. సోమవారం డ్రైవరు మండిపడ్డాడు. వకీలు నిట్టూర్చి, వాదనకు గొంతు సవరించుకున్నాడు.

"దాని ఇంట్లోకి బూట్లతో దిగిందెవరు?" అన్న మాట మిషను దగ్గర్నుంచి వచ్చింది. అందరూ అటు తిరిగారు. "బాబాయ్, ఈ కేసు ఇక నాది. నువ్వు లేచి అటు వెళ్ళు."

వకీలు లేచాడు. తన డబ్బా పట్టుకుని వచ్చి డ్రైవరు పక్కన కూర్చున్నాడు.

"దాన్ని ముక్కలు ముక్కలుగా నరికి పారెయ్యాలి!" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ, ఎంతో తృప్తిగా.