సీసాలోని తాళంకప్ప

2017 మార్చి 14, మంగళవారం, ఉదయం 10 గంటల 20 నిమిషాలు. ప్రదర్శనశాల వెనుక ఉన్న ప్రయోగశాలకు అరవై మూడేళ్ళ పడవ ఇంజన్ల మెకానిక్ ఒకాయన గాజు సీసాను రెండు చేతులా పట్టుకొని వచ్చాడు. సీసా మూతికి మైనపు గుడ్డ కట్టి ఉంది. లోపల గోధుమరంగు నీళ్ళలో అరచేతి వెడల్పున ఒక ఇనుప తాళంకప్ప ఉంది. వెంట ఆయన మరదలు, అంటే చనిపోయిన తమ్ముడి భార్య, వచ్చింది. ఆయనకు చదువు రాదు. ఆమె బడి కార్యాలయంలో టైపిస్టు. కాగితాల పని ఉందని తీసుకొచ్చాడు గాని ఏ కాగితాలో చెప్పలేదు.

ఆ రోజుతో గడువు ముగుస్తుంది. రేవుకు తొమ్మిది మైళ్ళ దూరంలో రెండు వందల పాతికేళ్ళ కిందట మునిగిన పరదేశపు నౌక నుంచి తీసిన ప్రతి వస్తువునూ, అది ఎవరి దగ్గరున్నా, తెచ్చి అప్పగించాలని కోర్టు ఆదేశించింది. ఆ నౌకలో వెళ్ళింది వెండి. ఈ తీరాన్ని ఏలిన రోజుల్లో ఆ దేశంవాళ్ళు ఇక్కడి జనం దగ్గర శిస్తు కింద తీసుకొని, కరిగించి, దిమ్మెలుగా పోసి పంపిన వెండి. నౌక మాదని ఆ దేశమూ, పైకి తీసింది మేమని వెలికితీత కంపెనీ, దొరికింది మా నీళ్ళలో అని ఇక్కడి ప్రభుత్వమూ ముప్ఫై ఏళ్ళుగా వాదులాడుతున్నాయి. దిమ్మెలు అంతకాలమూ ఖజానా గదిలోనే ఉన్నాయి. రేవులో దీని మీద ఒక హాస్యం నడిచేది: మునిగేటప్పుడు చెయ్యందించడానికి ఒక్కడూ లేడు, తేలాక మాత్రం ముగ్గురు చుట్టాలు దిగారు.

మెకానిక్‌ను రేవులో పెద్ద బుడుంగు అనేవారు, తమ్ముడిని చిన్న బుడుంగు. చిన్నప్పుడు ఇద్దరూ గట్టు మీద నుంచి దూకి, పందెం కట్టినవాళ్ళకు విసుగు పుట్టేదాకా పైకి వచ్చేవారు కాదు. పెద్దయ్యాక అదే వృత్తి అయింది. 1986లో కంపెనీ ఇద్దరినీ పనిలోకి తీసుకుంది. లోతు ముప్ఫై ఎనిమిది మీటర్లు. ఒకరు గాలిగొట్టంతో దిగితే రెండోవారు పైన తాడు పట్టుకొని ఉండాలి. తొమ్మిదో రోజు దిగే వంతు తమ్ముడిది. పన్నెండో నిమిషం తర్వాత తాడు కదలలేదు. పైకి లాగేసరికి ప్రాణం లేదు. కుడి పిడికిలి బిగుసుకొని ఉంది. అన్న ఒక్కొక్క వేలే విడదీశాడు. పెట్టె మూతకుండే తాళంకప్ప బయటపడింది. కంపెనీవాళ్ళు ఆ పూట దిమ్మెలు లెక్కపెట్టుకుంటున్నారు. ఆయన దాన్ని తువ్వాలులో చుట్టి సంచీలో పెట్టుకున్నాడు.

తమ్ముడికి పెళ్ళయి అప్పటికి పదకొండు నెలలు. ఆఖరున చేతిలో ఏమైనా ఉందా అని ఆ పిల్ల అడిగింది. చేతులు ఖాళీగా ఉన్నాయని బావగారు చెప్పాడు.

ఆ తర్వాత ఆయన మళ్ళీ నీళ్ళలోకి దిగలేదు. ఇంటి కిందిభాగంలో ఇంజన్ల షెడ్డు పెట్టాడు. పై రెండు గదుల్లో మరదలు ఉండేది. తన పెళ్ళి మాట ఎవరినీ ఎత్తనివ్వలేదు. తాళంకప్పను అంటుకొని ఉన్న సున్నపు పెచ్చును చిన్న సుత్తితో కొట్టి శుభ్రం చేసి, సీసాలో సముద్రపు నీళ్ళు పోసి, అందులో ఉంచాడు. సముద్రం నుంచి తీసిన ఇనుము గాలికి ఆరితే పొడి అవుతుందని ఆయనకు తెలుసు, మునిగేవాళ్ళందరికీ తెలుసు. అందుకని ప్రతి ఆదివారం తెల్లవారాక రేవుకు అలలను ఆపే గోడ దాటి పడవలో వెళ్ళి, తేట సముద్రపు నీళ్ళు డబ్బాతో పట్టుకొచ్చి, గుడ్డలో వడగట్టి మార్చేవాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో తప్పినవి నాలుగు వారాలు: రెండు తుఫానువి, రెండు జ్వరానివి. షెడ్డుకు వచ్చినవాళ్ళు మీ పెంపుడు చేప కులాసాయేనా అని అడిగేవారు. ఈ మధ్య తిండి తగ్గించిందని ఆయన జవాబు.

ప్రయోగశాల అధికారిణి సీసాను వెలుతురుకు పట్టి చూసింది. నీళ్ళు ఎక్కడివని అడిగింది. ఆయన వారాల లెక్కతో సహా అంతా చెప్పాడు. తమ్ముడి పిడికిలి సంగతి కూడా అప్పుడే మొదటిసారి పైకి చెప్పాడు.

“ఈ నీళ్ళే పొయ్యమని ఎవరు చెప్పారండీ?”

“ఎవరు చెప్పాలి మేడమ్? అన్నేళ్ళు సముద్రంలో ఉన్నది సముద్రంలోనే బతుకుతుంది కదా.”

ఆమె సీసాను మెల్లగా ట్రేలో పెట్టింది. సముద్రపు అడుగున ఆ ఇనుమును కాపాడింది ఉప్పునీరు కాదు. పైనున్న ఇసుకా, సున్నపు పెచ్చూ, గాలి తగలకపోవడమూ. పెచ్చు పోయాక మంచినీళ్ళలో కాస్త సోడా కలిపి ఉంచితే నిలిచేది. వారం వారం మార్చిన నీరు కొత్త ఉప్పునూ కొత్త గాలినీ లోపలికి చేర్చింది. మానేసి ఉంటే ఇంకొంత మిగిలేది.

గోడ పక్కన బల్ల మీద కూర్చున్న మరదలు అంతవరకూ సీసానే చూస్తోంది.

“ముప్ఫై ఒక్కేళ్ళు దాని మీద దుమ్ము తుడిచాను బావగారూ. ఇంజన్ ముక్క అన్నారు.”

“చూస్తే తట్టుకోలేవనుకున్నానమ్మా.”

“తట్టుకోలేనిది మీరు.”

ఫారంలో నాలుగు గడులు ఉన్నాయి: వస్తువు, బరువు, వెలికితీసినవారు, హక్కుదారు. మూడో గడిలో తమ్ముడి పేరు ఉండాలని ఆయన పట్టుబట్టాడు; సీసా తెచ్చింది అందుకే. అక్కడ కంపెనీ పేరే రాయాలని ఫారం నింపుతున్న గుమాస్తా అన్నాడు. అధికారిణి కలం తీసుకొని తమ్ముడి పేరే రాసింది. నాలుగో గడిలో ‘తేలవలసి ఉంది’ అని ముందే అచ్చయి ఉంది. బరువు 640 గ్రాములు.

విషయం తేలడానికి మరో ఇరవై నెలలు పట్టింది. ఆ ఇరవై నెలలూ మరదలు బావగారితో మాట్లాడలేదు. వేళకు వండి కింద మూతపెట్టి వెళ్ళేది. చెప్పవలసింది ఉంటే గోడకు చెప్పినట్టు చెప్పేది. ఆదివారాలు ఆయన అలవాటు చొప్పున లేచి, డబ్బా చేత్తో పట్టుకొని, గట్టు దాకా వెళ్ళి, ఖాళీ డబ్బాతో తిరిగివచ్చేవాడు. ఆమె పై కిటికీలో నుంచి చూసేది.

తీర్పులో నౌక దాన్ని పంపిన దేశానిదే అయింది. కంపెనీకి కొంత భాగం, ఇక్కడి ప్రదర్శనశాలకు దిమ్మెల నమూనాలు. ఒక దిమ్మె అడుగున సగం కరిగిన గొలుసు కొక్కెం కనిపించిందని అధికారిణి తన నివేదికలో రాసింది. అది ఎవరి మెడలోదో కోర్టులో ఎవరూ అడగలేదు. వెండి విలువ లేని వస్తువులు తమకు అక్కర్లేదనీ, తెచ్చినవారికి ఇచ్చేయవచ్చనీ ఆ దేశం నుంచి ఒక వాక్యపు ఉత్తరం వచ్చింది.

2018 నవంబరులో ఇద్దరినీ పిలిపించారు. అట్టపెట్టెలో దూది మీద, నీళ్ళలోంచి తీసి ఆరబెట్టాక మిగిలిన నాలుగు ముక్కలూ కొంత పొడీ ఉన్నాయి. ఆయన చాలాసేపు చూశాడు.

“ఎందుకిలా అయిందో రాశారా?”

అధికారిణి తాళంకప్ప మీద రాసిన నివేదికను మరదలి చేతికి ఇచ్చింది. ఆమె టైపిస్టు గొంతుతో, మాట మింగకుండా చదువుకుంటూ పోయింది. ఆరో పేరా: లోపల లోహం ఏమీ మిగలలేదని ఎక్స్‌రేలో తేలింది. ఏడో పేరాలో కారణం ఉంది. ఆమె కళ్ళు ఆ నాలుగు పంక్తుల మీద రెండుసార్లు కదిలాయి. కాగితం కిందికి దించింది.

“పైకి తీసిన రోజే ప్రాణం పోయిందట బావగారూ. మీరు నీళ్ళు మార్చబట్టే ఇన్నాళ్ళూ ఆకారం నిలిచిందట.”

ఆయన అధికారిణి వైపు తిరిగాడు. పదేళ్ళుగా ఒక్క అంకె తప్పు రాయని ఆ అధికారిణి తలూపింది.

“అలాగా,” అన్నాడాయన. కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

మరదలు ఎనిమిదో పేరా నుంచి చివరిదాకా చదివి, నివేదికను మడిచి తన సంచీలో పెట్టుకుంది. అప్పగింత ఫారంలో హక్కుదారు గడి ఈసారి ఖాళీగా ఉంది. కలం ఆమె బావగారి చేతికి ఇవ్వబోతే, ఆయన తిరిగి ఆమెకే ఇచ్చాడు. ఆమె తన పేరు రాసి, పక్కన బావగారి పేరు కూడా రాసింది. అధికారిణి పెట్టెలోవన్నీ, పొడితో సహా, త్రాసులో పెట్టి బరువు గడి నింపింది.

391 గ్రాములు.