మూడు కత్తెర్లు

గుంటూరు హాస్టల్లో ఉండి డిగ్రీ చదివే రోజుల్లో, నెల రోజుల పాటు ఓ బ్యూటీ పార్లర్ ముందు నుంచి ఊరికే నడిచాను. కాలేజీకి అదే దారి అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. కాలేజీ అటువైపు లేదు. చివరికి లోపలికి వెళితే పార్లర్ ఆవిడ బొమ్మల పుస్తకం ముందు పెట్టి "ఏది కావాలండీ?" అంది. కంగారులో, అన్నిటికంటే అందమైన ముఖమున్న బొమ్మ మీద వేలు పెట్టాను. జుట్టు అచ్చం ఆ బొమ్మలాగే వచ్చింది. ముఖం మాత్రం నాదే మిగిలింది.

నడుం దాటిన జడ భుజాల దగ్గర ఆగిపోయింది. శనివారం ఊరికి బస్సెక్కాక గానీ నాయనమ్మ గుర్తుకు రాలేదు. మా ఇళ్ళల్లో ఆడపిల్ల జుట్టుకు కత్తెర తగిలేది ఒక్క తిరుపతిలోనే. గుండు చేయించుకోలేని ఆడవాళ్ళు జడ కొసన మూడు కత్తెర్లు ఇచ్చి మొక్కు తీర్చుకుంటారు. బస్సు దిగేసరికి నా అబద్ధం తయారైంది.

నాయనమ్మ కళ్ళంలో కూలీలతో కూర్చుని మిరపకాయల్లో తాలు ఏరుతోంది. నన్ను చూడగానే అందరి చేతులూ ఆగిపోయాయి.

"ఆ జుట్టేందే?"

"హాస్టల్ పిల్లలతో తిరుపతి వెళ్ళాను నాయనమ్మా. మూడు కత్తెర్లు ఇచ్చాను."

"మూడు కత్తెర్లకే ఇంత పోయిందా?"

"పెద్ద కత్తెర," అన్నాను.

నాయనమ్మ మెత్తబడింది. కారం చేతులు కొంగుకు తుడుచుకుని, భక్తిగా దోసిలి పట్టింది. ఆవిడ వెనకే కూలీలందరూ చేతులు చాపారు.

"మరి లడ్డూ ఏదే?"