మోకాళ్ళ మీద చేతులు

ఏ.ఎస్. రావు నగర్‌లో మా డాబా మీద బట్టలు ఆరేస్తుంటే పైన చిన్న విమానం చప్పుడు వినిపించింది. చూస్తుండగానే ఇంజన్ హోరు తగ్గుతూ వచ్చింది. దిగడానికి వెళ్తోందన్నమాట. తడి దుప్పటి చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ హోరు తగ్గడం వింటే చాలు, ఖాదర్ సార్ గుర్తొస్తారు.

నాకు విమానం నడపడం నేర్పింది ఆయనే. మౌలాలి మనిషి, గొంతు పెంచడం ఎరగరు. తప్పు చేస్తే ఇంటికెళ్ళే దారిలో మెట్టుగూడలో ఆపి, చాయ్ ఇప్పించి మరీ తిట్టేవారు. చాయ్ అయిపోయేసరికి తిట్లూ అయిపోయేవి. శిక్షణ విమానంలో ఇద్దరి ముందూ స్టీరింగ్ ఉంటుంది. నేల దగ్గర పడుతుంటే మిగతా ఇన్‌స్ట్రక్టర్లు తమ చెయ్యి దానికి దగ్గరగా ఉంచుకుంటారు. ఈయన మాత్రం నమాజులో కూర్చున్నట్టు రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకునేవారు. మొదటిసారి చూసి నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఏమైనా అయితే ఎలా సార్ అని కిందికొచ్చాక అడిగేశాను.

"నా చెయ్యి తోడుంటే నీ చెయ్యి నేర్సుకోదు బేటా," అన్నారు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం విమానాన్ని మరీ గట్టిగా దించేశాను. చక్రాలు నేలకు కొట్టుకుని విమానం బంతిలా పైకి లేచింది. అప్పుడు కొత్తవాళ్ళందరికీ ఒకటే బుద్ధి పుడుతుంది, భయంతో విమానం ముక్కు కిందికి నొక్కేస్తారు. అలా నొక్కితే ముందు చక్రం విరిగి విమానం తిరగబడిపోతుంది. నా చేతులూ అటే పోబోయాయి. పక్కన సార్ చేతులు కదల్లేదు.

"జమీన్ ఎక్కడికి పోదు. మళ్ల వద్దాం," అన్నారు మెల్లగా.

పవర్ పూర్తిగా ఇచ్చి మళ్ళీ పైకి తీసుకెళ్ళాను. నేను పైలట్‌నయింది ఆ మధ్యాహ్నమే.

నేనూ నేర్పడం మొదలుపెట్టాక, సార్ దగ్గర ఇంకో శిష్యుడు అచ్చం నాలాగే గట్టిగా దించాడు. విమానం ఎగిరింది. అతను ముక్కు నొక్కేశాడు. అతను బతికాడు, సార్ బతకలేదు. సార్ చేతులు మోకాళ్ళ మీది నుంచి లేచాయనీ, అందుకునేలోపే అంతా అయిపోయిందనీ ఆసుపత్రి మంచం మీద ఏడుస్తూ నాకు చెప్పాడు.

మౌలాలిలో వాళ్ళింటికి వెళ్తే సార్ భార్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఓదార్చబోయిన చుట్టాలను ఆపి, నన్ను ఒకే మాట అడిగింది.

"నువ్వు నిజం చెప్పు బిడ్డా. చేతులు దగ్గర పెట్టుకుంటే బతుకుతుండెనా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. బతికేవారు ఆంటీ అన్నాను.

ఆమె కొంగు తల మీదికి లాక్కుని, "మీ అందరి మీద గంత నమ్మకం పెట్టుకున్నడు. ఇంట్ల నేనున్ననని యాదికి రాలే," అంది.

ఒక్కోసారి ఆయన మీద పట్టరాని కోపం వస్తుంది, వెంటనే ఏడుపూ వస్తుంది. నా శిష్యులు దిగేటప్పుడు నా చెయ్యి స్టీరింగ్‌కు జానెడు దూరంలోనే ఉంటుంది. నా మీద నమ్మకం లేదా మేడం అని మొన్న ఒకమ్మాయి నొచ్చుకుంది. ఉందమ్మా అన్నాను. అందరూ క్షేమంగానే దిగుతున్నారు, ఇళ్ళకు వెళ్తున్నారు, నేనూ ఇంటికొస్తున్నాను. సార్ నాకిచ్చినలాంటి మధ్యాహ్నాన్ని మాత్రం వాళ్ళలో ఒక్కరికీ ఇవ్వలేకపోయాను.